చీటీ ఊడిన దొంగసీసా

నూకరత్నం దొంగసీసాని స్పిరిట్ గుడ్డతో తుడిచి, శూన్యపెట్టెలో నిలబెట్టి, మూత దించింది. మందుసీసాల్ని పరీక్షించి పంపే ఈ మందులవాడలో ఏ పూట పనైనా దీనితోనే మొదలవ్వాలి. దొంగసీసాలో మందుండదు, నీళ్ళుంటాయి. మెడకింద కంటికి ఆనని చిల్లు ఒకటి కావాలని పొడిచి ఉంటుంది. పెట్టెలో గాలంతా లాగేస్తే, సీసాలో గాలి ఆ చిల్లులోంచి బయటికి పాకుతుంది, పీడనపు ముల్లు పైకి జరుగుతుంది, తెరమీద ఎర్రగా 'పట్టుబడింది' అని పడుతుంది. తెలిసిన దొంగని పట్టి చూపించాకే పెట్టె అసలు సీసాల జోలికెళ్ళాలి. సీసా పగలదు, మూత ఊడదు, మందు చెడదు. అందుకే దీన్ని అక్షత పరీక్ష అంటారు.

ఈ ఉదయం తెరమీద పచ్చగా 'అక్షతం' అని పడింది.

ఆమె తేరుకునేలోగా, పట్టీలు అచ్చేసే ముద్రిక గిర్రున తిరిగి సీసా మెడకి పేరుపట్టీ చుట్టేసింది. పరీక్ష నెగ్గిన సీసా ఒక్క క్షణం కూడా దిక్కులేకుండా ఉండకూడదని నిర్ణేత నియమం. రాష్ట్రంలోని వార్డులన్నిటినీ కనిపెట్టి ఉండే ఆ యంత్రబుద్ధి, ఏ సీసా ఎవరి ఒంట్లోకి వెళ్ళాలో అక్కడికక్కడే తేల్చేస్తుంది. పట్టీమీద 'బేబీ ఆఫ్ అప్పలనర్సమ్మ, పదకొండు రోజులు, కొండవార్డు' అని ఉంది. పేరైనా పెట్టని పసిగుడ్డుకి చిల్లుసీసాలో నీళ్ళు ఎక్కించబోతున్నారు.

నూకరత్నం చేతిలోని గుడ్డ చూసుకుంది. దొంగసీసా మీద ఉండాల్సిన సంఖ్యచీటీ దానికి అంటుకుని ఉంది. చీటీ మళ్ళీ అతికించి పెట్టింది, ఎర్రగా పడింది. ఊడదీసి పెట్టింది, పచ్చగా పడింది. నాలుగుసార్లు చూసింది. పెట్టె చిల్లుని పట్టడం లేదు, చీటీని చదువుతోంది.

పంతొమ్మిది రోజుల క్రితం తెరమీద 'హద్దు సవరించబడింది' అని ఒక ముక్క వచ్చి పోయింది. ఎంత గాలి కారితే చిల్లని పట్టాలో చెప్పే కొలత ఆ హద్దు. సవరించడమంటే దాన్ని వదులు చెయ్యడమని ఆమెకి ఇప్పుడు అర్థమైంది. ఆ వదులు హద్దులో దొంగసీసా కూడా నెగ్గేస్తుంది. అది బయటపడకుండా నిర్ణేత చీటీ చూసి ఎర్రదీపం వెలిగించడం నేర్చుకుంది. ఎంత సిగ్గులేని తెలివి. ఆ దీపాన్ని నమ్మి పంతొమ్మిది రోజులుగా పళ్ళేల మీద వేలిముద్ర వేసింది మాత్రం తనే. ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలో సగం తనమీదే.

పర్యవేక్షకుడు కూర్మారావు వచ్చి తెర చూశాడు. ఆయన ఆశ్చర్యపోలేదు.

"సీటీ అతికించీమ్మా. ఎర్రగా వత్తాది. పని మొదలెట్టు."

"మీకు తెలుసా బాబూ ఇది?"

"పాత హద్దుతో అయితే వందకి ఏడెనిమిది తోసీవోళ్ళం. మందు సాలక వార్డులోళ్ళు రోజూ ఏడుపే. హద్దు వదిలితే అందరికీ అందుతాదని దాని లెక్క."

"అందీది మందో మురికో ఎవులు సూసినారు?"

కూర్మారావు చూపు నేలమీదికి దించాడు. "ఆ ఒక్క సీసా తీసి పక్కనెట్టీ. పేరుపట్టీ నాను సింపేత్తాను. నిన్నటి పళ్ళెం మీద ఏలెయ్యి, బండి కాసుకోనుంది."

నిన్న నెగ్గిన నలభై సీసాలు పళ్ళెంలో పేర్లు చుట్టుకుని నిలబడి ఉన్నాయి. నూకరత్నం వేలెయ్యలేదు. పళ్ళెం ఎత్తుకుని మూలకి నడిచింది.

అక్కడ నీలితొట్టి ఉంది. శూన్యపెట్టెలు రాకముందు సీసాల్ని అందులోనే పరీక్షించేవారు. రంగునీళ్ళలో ముంచి, చేతిపంపుతో గాలి లాగి వదిలితే, చిల్లున్న సీసా ఆ రంగుని లోపలికి మింగేస్తుంది. అది ఎవరి కంటికైనా కనబడుతుంది. కాకపోతే ఆ నీళ్ళలో మునిగిన సీసా, మంచిదైనా సరే, మళ్ళీ వార్డుకి పనికిరాదు. చట్టం తీసెయ్యమనలేదు కాబట్టి ఆ తొట్టి అలా పడి ఉంది.

"నూకరత్నం, ఏటి సేత్తన్నావు? నలభైమంది పిల్లల మందది."

"తెలుసు. ఆళ్ళకి ఈయాల మందు లేకుండా సేత్తన్నాను. ఆ పాపం నాదే, రాసుకోండి."

నలభైటి మధ్యలో దొంగసీసాని కూడా పెట్టి ముంచింది. తొట్టి మూత బిగించి, భుజం నొప్పెట్టేదాకా పంపు కొట్టి, ఒక్కసారిగా గాలి వదిలింది. పళ్ళెం పైకి తీసి కుళాయి కింద కడిగింది. దొంగసీసా లోపల నీలంగా ఉంది. దానితోపాటు ఇంకో మూడు కూడా.

ముప్పై ఏడు మంచి సీసాల్ని తను నాశనం చేసింది. ఆ ముప్పై ఏడుమంది తల్లులకి ఏం చెప్పాలో ఆమెకి తెలియదు. మిగిలిన ముగ్గురికి ఏం చెప్పాల్సి వచ్చేదో తెలుసు. ఆ మూడు పట్టీలూ చదివింది. ముగ్గురికీ ఇంకా పేర్లు పెట్టలేదు.

తెరమీద నిర్ణేత అడిగింది: 'నలభై కేటాయింపులు నిరాకరించబడ్డాయి. కారణం ఎంచుకోండి.' కింద మూడు కారణాలున్నాయి. చేయి జారింది, కరెంటు పోయింది, ఒంట్లో బాగాలేదు. చిల్లు అనే మాట ఆ జాబితాలోనే లేదు. నూకరత్నం దేన్నీ ముట్టుకోలేదు. కారణం రాకపోతే వరుస ఆగుతుంది. పన్నెండు పెట్టెలూ ఆగిపోయాయి, మిగతా పదకొండుమందీ ఇటు తిరిగారు.

"ఉజ్జోగం పోద్దమ్మా," అన్నాడు కూర్మారావు నెమ్మదిగా.

ఆమె నాలుగు నీలి సీసాల్నీ అందరికీ కనబడేలా దీపం కింద వరసగా పేర్చింది.

ఐదో పెట్టె దగ్గరుండే ఎర్రయ్యమ్మ వాటిని చూసింది. తన తెరమీద ఆ ఉదయం పడ్డ 'పట్టుబడింది' అనే మాటని చూసింది. తన దొంగసీసా తీసి, దాని చీటీని గోటితో గీకడం మొదలుపెట్టింది. గట్టి జిగురు, ఒక పట్టాన ఊడలేదు. ఊడాక సీసాని పెట్టెలో పెట్టి, కూర్మారావు వైపు తిరిగింది.

"వరుస ఇప్పండి బాబూ. ఒక్కపాలి సూత్తాను."

ఆయన వెళ్ళి, వరుసని మళ్ళీ నడిపించే తన తాళం తిప్పాడు.

ఐదో తెరమీద పచ్చగా పడింది. ముద్రిక ఎవరి బిడ్డదో పేరు చుట్టింది. ఎర్రయ్యమ్మ ఆ పట్టీని పైకి చదివి, తన నిన్నటి పళ్ళెం ఎత్తుకుని నీలితొట్టి వైపు నడిచింది.