ముందు వరుసలో మూడో కుర్చీ

గూఢచారి సమీయుల్లాను ఒమన్‌లోని ఖురియాత్ రేవులో, చేపల పెట్టెల మధ్య, పట్టపగలే పొడిచి చంపారు. ఆ కబురు చేరేసరికి ఇనాయత్ మస్కట్‌లోని వాడి కబీర్ పేటలో కూతురిని స్కూలు బస్సు ఎక్కిస్తున్నాడు. పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపితే తనూ ఊపాడు. రెండో చేతిలోని ఫోన్లో వాళ్ల ఏజెన్సీ చీఫ్ ఎహసాన్ గొంతు ఢిల్లీ నుంచి మాట్లాడుతూనే ఉంది.

"పెళ్లి ఇవాళే. పెళ్లికొడుకుని ఇక నువ్వే సాగనంపాలి."

పెళ్లికొడుకంటే జహీరుద్దీన్. హైదరాబాద్ యాకుత్‌పురా మనిషి, పడవలకు రేడియో సెట్లు బిగించే మెకానిక్. ఒక విదేశీ కంపెనీ అతని చేత ఏడాదిపాటు చేపల పడవల్లో చిన్న చిన్న డబ్బాలు పెట్టించింది. చేపల గుంపులు ఎక్కడున్నాయో చెప్పే యంత్రాలని నమ్మించింది. అవి కనిపెడుతున్నది చేపల్ని కాదు, మన నౌకాదళం ఓడల్ని అని అర్థమైన రోజున జహీరుద్దీన్ సమీయుల్లా దగ్గరికి వచ్చాడు. ఏ డబ్బా ఏ పడవలో ఉందో అతని తలలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ కంపెనీ వెనకున్న ముఠాకు ఇప్పుడు ఆ తల నోరు విప్పకపోతే చాలు.

ప్లాన్ సులువుగానే ఉంది. మస్కట్‌లో ఒక క్లబ్బు పచ్చికలో ఆ సాయంత్రం సైనిక బ్యాండు కచేరీ. ఆ క్లబ్బులోని పబ్ కౌంటరుకు ఇనాయత్ సూపర్‌వైజర్. ఆ ఉద్యోగమే అతని ముసుగు. జహీరుద్దీన్‌ను ముందు వరుసలో కూర్చోబెట్టాలి. కచేరీ అయ్యాక జనం కదిలే సందట్లో వంటింటి గేటు దాటించి, గంగన్న నడిపే కేటరింగ్ వ్యానులో రేవుకు పంపాలి. అక్కడ మన ఓడ ఉంటుంది. అంతమంది సైనికుల మధ్య తుపాకీ తీసే ధైర్యం ఎవడికీ ఉండదన్నాడు ఎహసాన్. పట్టపగలు కత్తి తీసే ధైర్యం ఎవడికీ ఉండదని సమీయుల్లా కూడా అనేవాడు.

ఒమన్ ప్రభుత్వానికి చెప్పకుండా చేస్తున్న పని కాబట్టి, దొరికితే నువ్వెవరో మాకు తెలియదు అని కూడా ఎహసాన్ చెప్పాడు. ఆ మాట ఇనాయత్ ఇంతకుముందూ విన్నాడు. ఈసారి మాత్రం చీఫ్ దాన్ని రెండుసార్లు అన్నాడు.

సాయంత్రం అయినా వేడి తగ్గలేదు. సముద్రం మీంచి వచ్చే గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటోంది. బ్యాండువాళ్ల ఇత్తడి బాకాలకు చెమట పట్టింది, వాటిని ఊదేవాళ్లు మాత్రం తెల్ల యూనిఫారాల్లో ముడత పడకుండా నిలబడ్డారు. కౌంటర్ దగ్గర ఫిష్ అండ్ చిప్స్, బర్గర్లు, చికెన్ వింగ్స్ కాగితపు పళ్లేల్లో వెళ్తూనే ఉన్నాయి. నూనె మార్చమని ఇనాయత్ పొద్దున్నే చెప్పాడు. మార్చలేదని వాసన చెబుతోంది.

జహీరుద్దీన్ ఇస్త్రీ చొక్కా, నల్ల టోపీతో ముందు వరుసలో మూడో కుర్చీలో కూర్చున్నాడు. అయితే కూర్చున్నది తక్కువ, లేచింది ఎక్కువ. ఎవరైనా వయసు మళ్లినవాళ్లు ఎదురుగా నిలబడితే చాలు, అతని మోకాళ్లు వాటంతటవే లేస్తాయి. పెద్దలు నిలబడి ఉండగా కూర్చోవడం యాకుత్‌పురాలో ఎవరూ నేర్పని విద్య. విరామంలోగా ఒక ముసలి కల్నల్‌కు, ఇద్దరు బామ్మలకు కుర్చీ ఇవ్వబోయాడు. ప్రతిసారీ ఇనాయత్ ట్రేతో పరిగెత్తి, కుర్చీ రిజర్వు చేసిందని సర్దిచెప్పాల్సి వచ్చింది. రెండో వరుసలో, సరిగ్గా అతని వెనుక, బూడిదరంగు కోటుతో ఒక మనిషి కూర్చున్నాడు. ఆ ఉక్కలో కోటు వేసుకున్నది అతనొక్కడే. పేరు కమ్రాన్. సమీయుల్లాను చంపింది అతనేనని ఇనాయత్‌కు తెలుసు, రుజువు లేదు.

విరామం తర్వాత మదీహా కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఆ సాయంత్రానికి యాంకర్ ఆమే. ఆకుపచ్చ పట్టు గౌను, చేతికి పెద్ద పచ్చరాయి ఉంగరం. ఆమె నడిచి వస్తుంటే క్యూలో ఉన్న మగవాళ్లు పర్సులు ఎక్కడ పెట్టుకున్నారో మరిచిపోయారు. కమ్రాన్ ముఠా ఆమె తమ మనిషే అనుకుంటుంది. ఎహసాన్ కూడా తన మనిషే అనుకుంటాడు. ఇనాయత్ ఏమీ అనుకోడు, ఆమె చెప్పేది వింటాడు.

"ఒక ఫిష్ అండ్ చిప్స్. వెనిగర్ వద్దు."

వెనిగర్ వద్దంటే ప్రమాదం. ఇనాయత్ చేప ముక్కను మళ్లీ నూనెలోకి దించాడు, మాట్లాడేంత సేపు దొరకాలని.

మూడో కుర్చీ మెత్తలో, వెనక్కి తగలకుండా ముందుకూ పక్కలకూ పేలే బాంబు ఉందని ఆమె పెదవులు కదపకుండా చెప్పింది. విరామం అయ్యి జహీరుద్దీన్ కూర్చోగానే, స్టేజీ మీంచి ఉంగరం తిప్పి దాన్ని ఆన్ చేసింది కూడా తనే. ఇక ఆ కుర్చీ మీద బరువు తగ్గితే పేలుతుంది. కచేరీ చివర జాతీయగీతం వస్తుంది, అందరూ లేస్తారు. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి జహీరుద్దీన్ అందరికన్నా ముందే లేస్తాడు.

"నువ్వెందుకు తిప్పావు?"

"కమ్రాన్ నన్ను పరీక్షిస్తుండు. నేను తిప్పకపోతే నన్ను పక్కకు జరిపి వాడే తిప్పేటోడు. అప్పుడు నీకు చెప్పెటందుకు ఎవరుండేటోళ్లు?"

"ఆపడం ఎట్లా?"

"ఆపే ఉంగరం నాకియ్యలే." ఆమె పళ్లెం అందుకుంది. "అల్లరి చేస్తే వాడు వెనక నుంచి కాలుస్తడు. ఇంకా రెండు పాటలున్నయ్, ఇనాయత్."

ఆమె వెళ్లిపోయింది. ఇనాయత్ కాలరు బొత్తాంలోని మైక్రోఫోన్‌లో సంగతంతా చెప్పాడు. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఎహసాన్ నెమ్మదిగా అన్నాడు.

"వదిలేసి వచ్చెయ్. ఇద్దరిని పోగొట్టుకోలేను."

ఇనాయత్ బొత్తాం పీకి నూనెలో పడేశాడు. అది కాసేపు చిటపటలాడి ఊరుకుంది.

అతనికి ఏజెన్సీ తాళాలు తీయడం నేర్పింది, గొంతులు మార్చడం నేర్పింది, చీకట్లో గురిపెట్టడం నేర్పింది. ఇవాళ అవేవీ పనికిరావు. పనికొచ్చేది ఒక్కటే, అది ఏజెన్సీ నేర్పలేదు. కడప నుంచి రాయచోటికి వెళ్లే బస్సులో, లేచే మనిషి పూర్తిగా లేవకముందే కూర్చునే మనిషి సగం కూర్చుని ఉండాలి. మధ్యలో వెలుతురు కనిపించిందంటే ఆ సీటు మూడోవాడిది. ఇంటర్ నుంచి డిగ్రీదాకా ఇనాయత్ ఆ బస్సులోనే తిరిగాడు. ఒక్కరోజు కూడా నిలబడి వెళ్లలేదు.

గంగన్నకు విషయం చెప్పి, ఎత్తుగా పళ్లేలు పేర్చిన ట్రాలీ తీసుకురమ్మన్నాడు. గంగన్న జగిత్యాల మనిషి, ప్రశ్నలు తక్కువ. బండి కింది అరలో మనిషి పట్టాలా అని మాత్రం అడిగాడు.

చివరి పాటకు బ్యాగ్‌పైపులనే సంచిబూరలు ఊదేవాళ్లు స్టేజీ దిగి మొదటి వరుసకూ రెండో వరుసకూ మధ్య కవాతు చేస్తూ వస్తారు. ఆ కాసేపే కమ్రాన్‌కు మూడో కుర్చీ కనబడదు. డోళ్లు మోగాయి. పైపుల హోరు మొదలై, వరస దగ్గరవుతుండగా, చేతికర్రతో ఒక పెద్దావిడ జహీరుద్దీన్ ముందుకొచ్చి ఆగింది. అతని మోకాళ్లు కదిలాయి.

ఇనాయత్ రెండంగల్లో చేరి అతని భుజాలు అదిమిపట్టాడు. చెవిలో విషయమంతా చెప్పాడు. జహీరుద్దీన్ పారిపోవాలనుకోలేదు, పక్క కుర్చీల్లోని పిల్లల వైపు చూశాడు.

"నన్ను ఇట్లనే కూర్చోనీ, భాయ్. ముందు వాళ్లను పంపియ్యి."

"పంపితే వాడు కాలుస్తాడు సాబ్. మీ తలకాయ మాకు కావాల. జరగండి."

"ఏంది?"

"కొంచెం జరగండి. బస్సులో జరిగినట్టు."

ఇనాయత్ తుంటి కుర్చీ అంచున ఆనింది. జహీరుద్దీన్ ఒక బెత్తెడు జరిగాడు. పెద్దావిడ ఇద్దరు మగవాళ్లు ఒకే కుర్చీలో ఇరుక్కోవడం చూసి, ఈ కాలం మనుషుల గురించి ఏదో గొణుక్కుంటూ పక్కకు వెళ్లిపోయింది. ఇంకో బెత్తెడు. వెనుక నుంచి పైపులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఇద్దరి చెమట ఒక్కటైంది. ఇనాయత్ బరువంతా కిందికి వదిలాడు, జహీరుద్దీన్ వెన్నలా జారి నేల మీద పడ్డాడు. ఏమీ పేలలేదు. గంగన్న అతన్ని ట్రాలీ కింది అరలోకి దూర్చి, మీద బల్లగుడ్డ లాగి, తొందర లేనట్టు తోసుకుంటూ కదిలాడు.

చివరి పైపు కుర్చీ దాటింది. బ్యాండ్ మాస్టర్ చెయ్యి లేచింది. జాతీయగీతం మొదలైంది, పచ్చిక మీది జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ముందు వరుసలో, నూనె మరకల ఏప్రన్‌తో, ఇనాయత్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

మూడో కుర్చీలో మనిషి మారాడని వెనక నిలబడ్డ కమ్రాన్‌కు తెలిసిపోయింది. కానీ కమ్రాన్‌కు అటూ ఇటూ ఆఫీసర్లు నిటారుగా నిలబడ్డారు. ఆ గీతం నడుస్తుండగా వేలు కదిపినవాడు అందరి కళ్లలో పడతాడు. వంటింటి వైపు ట్రాలీ చక్రాల చప్పుడు దూరమైంది. గీతం అయిపోయింది. కమ్రాన్ అడుగు వేసేలోపే మైకులో మదీహా గొంతు వినిపించింది. ముఖ్య అతిథి వెళ్లేవరకు ఎవరి స్థానాల్లో వాళ్లు నిలబడే ఉండాలని ఆమె తీయగా కోరింది. ప్రోగ్రాంలో ఆ మాట లేదు. గేటు బయట వ్యాన్ స్టార్టయింది.

కమ్రాన్ తల తిప్పి స్టేజీని చూశాడు. చాలాసేపు చూశాడు. అతనికి అర్థమైపోయిందని ఇనాయత్‌కూ అర్థమైంది.

జనం కదిలారు. కమ్రాన్ గేటు వైపు పోలేదు, స్టేజీ ఎక్కాడు. పెద్దింటి పెళ్లిలో బంధువును పలకరించినట్టు నవ్వి, మదీహా మోచెయ్యి పట్టుకున్నాడు. అరవై అడుగుల దూరం. ఇనాయత్ కుర్చీ అంచులు పట్టుకున్నాడు. పక్కన ఒక పాప కింద పడిన చిప్స్ ఏరుకుంటోంది. మెట్లు దిగుతూ మదీహా ఇనాయత్ వైపు ఒక్కసారి చూసి, అరచేతిని కొద్దిగా కిందికి ఆడించింది. కూర్చో, అని. అతను కూర్చునే ఉన్నాడు. ఆకుపచ్చ గౌను కార్ల మధ్య కనబడినంత సేపూ చూశాడు.

కోపంతో ఎర్రబడ్డ ఒక ఆఫీసర్ వచ్చి ఎందుకు లేవలేదని అడిగాడు. ఇనాయత్ ముందు ఆ కారు సంగతి చెప్పాడు, తర్వాతే కుర్చీ సంగతి. అప్పటికి కారు గేటు దాటింది. పచ్చికను ఖాళీ చేశారు. మందపాటి సూట్లు వేసుకున్నవాళ్లు వచ్చి కుర్చీ కింద పడుకుని పని చేశారు. బాంబు ఆపేశాక ఇద్దరు అతన్ని పట్టి లేపారు.

ఒక గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అదే ఆఫీసర్ ఎదురుగా కూర్చుని హిందీలో చాలా మర్యాదగా మాట్లాడాడు. ఓడ బయలుదేరిందట, కానీ జహీరుద్దీన్ అనే మనిషి ఈ దేశానికి ఎప్పుడూ రాలేదట. ఢిల్లీని అడిగితే ఇనాయత్ అనే పేరే వినలేదన్నారట. పచ్చికలో బాంబు లేదు, గ్యాస్ సిలిండర్ లీకైందని జనానికి చెప్పారు. ఊరి బయట ఇబ్రా రోడ్డు మీద ఆ కారు దొరికింది. అందులో ఎవరూ లేరు. సీటు మీద పచ్చరాయి ఉంగరం ఒకటి ఉంది.

ఇనాయత్ టీ కప్పు కింద పెట్టాడు. ఏమీ జరగనప్పుడు తనని ఎందుకు పట్టుకున్నారని అడిగాడు.

"ఒక్కటి మాత్రం జరగలేదని చెప్పలేం," అన్నాడు ఆఫీసర్. "నువ్వు లేవకపోవడం ఊరంతా చూసింది. రేపు విమానం ఎక్కిస్తాం."

ఇనాయత్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు. ఆఫీసర్ అతన్ని ఎగాదిగా చూసి నిట్టూర్చాడు.

"ఇప్పుడు లేచి ఏం లాభం?"