తూనీగ విప్పిన సంచి

"ఇదేంటక్కా, సంచి నిండా ఆకుపచ్చ బూజు?"

టైలరమ్మ ఇంటి వెనకగదిలోంచి అమ్మ గొంతు. అది వినగానే వాకిట్లో ఉన్న తూనీగ కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది.

ఆ పిల్లకు ఆ పేరు ఊరికే రాలేదు. ఒకచోట నిలవదు. చేతులు అసలే ఊరుకోవు.

అమ్మది పుట్టగొడుగుల వ్యాపారం. ఉడికించిన గడ్డిలో విత్తనం కలిపి, సంచుల్లో కూరి, మూతి కట్టి, వీధిలో పనిలేని ఇళ్లకు ఇస్తుంది. వాళ్లు చీకటిగదిలో వేలాడదీసి పెంచుతారు. పండినవి అమ్మే కొని హోటళ్లకు వేస్తుంది. అందరూ రెడీమేడ్ బట్టలు కొనడంతో టైలరమ్మ మిషను మూలపడింది. ఇప్పుడు ఆమె ఇల్లు ఈ సంచుల మీదే నడుస్తోంది.

"చేతులు కడక్కుండా ముట్టుకున్నావా?" అమ్మ అడిగింది.

"లేదమ్మా. సబ్బుతో రుద్ది రుద్ది చేతులే అరిగిపోయాయి," అంది టైలరమ్మ.

"మరి బూజు దానంతటదే నడిచొచ్చిందా? ఇది గదంతా పాకుతుంది. అన్నీ తీసి దూరంగా పాతెయ్యాలి. ఈసారి సంచులు వేరేవాళ్లకిస్తాను. నువ్వు కొన్నాళ్లు ఆగు."

"ఆగితే పొయ్యి ఎలా వెలుగుతుంది?"

అమ్మ సంచులు ఒక్కొక్కటే కిందికి దించడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక తూనీగ కంచం ముందు కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది.

"ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకుతున్నాయా? కుదురుగా తిను."

నిజంగా పాకుతున్నట్టే ఉంది. ఆదివారం దాగుడుమూతలాటలో తను దాక్కున్నది ఆ గదిలోనే. పుట్టగొడుగు మొలిచిందో లేదో చూద్దామని తాడు విప్పింది. మట్టి చేత్తో లోపల కెలికింది. మళ్లీ కట్టేసింది.

"సంచి విప్పింది నేనేనమ్మా."

అమ్మ చేతిలో గరిట ఆగింది. "నాకు కాదు. ఆవిడకు చెప్పు. పద."

టైలరమ్మ ఖాళీ గది కడుగుతోంది. అంతా విని, "ఇందాకట్నుంచి నా చేతుల్నే తిట్టుకుంటున్నానే!" అంది. పరవాలేదని మాత్రం అనలేదు. బ్రష్షు అందించింది. "గోడలు రుద్దు."

సాయంత్రం దాకా తూనీగ రుద్దింది. జబ్బలు పడిపోయాయి.

గది ఆరాక అమ్మ కొత్త సంచులు తెచ్చింది. "అడక్కుండా మాట అనేశానక్కా."

"అన్నావుగా," అంది టైలరమ్మ. సంచులు కట్టి, గదికి తాళం వేసింది.

కొన్నాళ్లకు ఆమె నడుం పట్టేసింది. వీధిలో గెంతుతున్న తూనీగను కేకేసింది. "ఇలా రా. గదిలో నీళ్లు చల్లాలి. చేతులు కడుక్కో."

తూనీగ మోచేతుల దాకా కడుక్కుంది. టైలరమ్మ తాళం చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

నీళ్లు చల్లుతుంటే ఒక సంచికున్న చిల్లులోంచి గుండుసూది తలంత పుట్టగొడుగు తొంగిచూసింది. తూనీగ వేలు లేచింది.

చటుక్కున పిడికిలి బిగించి వీపు వెనక దాచుకుంది.

కాళ్లు గెంతుతూనే ఉన్నాయి. చెయ్యి కదల్లేదు.