నిండా పోసిన గిన్నె

"రెప్ప వేయడం మర్చిపోయావు. లే," అంది అక్బోతా.

"నేను బాగానే ఉన్నాను."

"బాగున్నవాడికి గుర్రాలు కనబడేవి, నుర్తాస్."

తెరకేసి చూశాను. నిజమే! మిడతల మీద మందు చల్లుతున్న నా డ్రోన్ల ముందుకే ఎవరిదో గుర్రాల మంద వచ్చేసింది. చూస్తూనే ఉన్నాను, కనబడలేదు. అక్బోతా అప్పటికే డ్రోన్లన్నిటినీ గాల్లో ఆపేసింది.

మా క్యాంపులో ఆమె పని అదే. ఒక్కడే అన్ని డ్రోన్లు నడుపుతుంటే బుర్ర ఎప్పుడు మొద్దుబారుతుందో వాడికే తెలియదు. అందుకని మా నుదుటికి బుర్ర చెదిరితే మోగే పట్టీ కట్టి, కళ్ళకెదురుగా కెమెరా పెట్టి, అలిసినవాణ్ణి కుర్చీలోంచి లేపేస్తుంది. అందరికన్నా ఎక్కువసార్లు లేపింది నన్నే. గుర్రాల సంగతి సరే, మిగతా రోజుల్లో నా పట్టీ మోగేది అలసటకి కాదు. ఆమె వైపు చూసినందుకు. అది చెప్పే ధైర్యం నాకెక్కడిది?

"నా మీద పగబట్టావా?" అన్నాను రోషంగా.

"నీ బుర్ర మీద జాలి. వెళ్ళి టీ తాగు."

వెళ్ళాను. కాసేపటికి ఆమే వచ్చి నీళ్ళు మరిగే సమోవర్ పక్కన కూర్చుని అందరికీ పోసింది. నా గిన్నె అంచుదాకా నింపింది.

నా గుండె జారిపోయింది. మా గడ్డిమైదానాల వైపు కావలసినవాళ్ళకి గిన్నె అడుగున కొంచెమే పోస్తారు, వేడివేడిగా మళ్ళీ మళ్ళీ పోయాలని. నిండా పోశారంటే, తాగేసి దయచెయ్యమని. పదిమందిలో అంత మాటా! నోటితో తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

టీ ముట్టకుండా గుడారంలోకెళ్ళి బ్యాగు సర్దుతుంటే, వంట చేసే జమాల్ అపా, మా అందరికీ పెద్దక్క, ఆయాసపడుతూ వచ్చింది.

"ఎక్కడికిరా?"

"చూశావుగా అపా. నిండా పోసింది."

"నీకొక్కడికేనా? డ్రైవర్‌కీ నిండానే, మన పెద్దాయనకీ నిండానే. పాపం, ఆయన టోపీ తీసుకుని లేవబోయాడు! నాకైతే ఉత్త పాలు పోసింది. మీ అందరి కళ్ళూ ఆ పిల్ల చూస్తుంది. దాని కళ్ళు ఎవరు చూస్తార్రా?"

పరుగెత్తాను. అక్బోతా ఇంకా పోస్తూనే ఉంది. గిన్నె పొంగి కింద పరిచిన గుడ్డంతా తడుస్తున్నా ఆమెకి తెలియడం లేదు. చేతిలోంచి టీపాట్ లాక్కున్నాను.

"రెప్ప వేయడం మర్చిపోయావు. లే."

"నేను బాగానే ఉన్నాను."

"బాగుంటే నన్ను పొమ్మంటావా?"

చుట్టూ ఉన్న గిన్నెలు చూసుకుంది. మొహం కందిపోయింది.

"అయ్యో! నీకు కూడానా?"

"బ్యాగు కూడా సర్దేశాను."

"పిచ్చోడా! నువ్వెళ్ళిపోతే నేనెవర్ని లేపాలి?"

నా పట్టీ తీసి ఆమె నుదుటికి కట్టాను. కట్టగానే గోలగోలగా మోగింది. అందరూ గొల్లున నవ్వారు. జమాల్ అపా ఆమెని లాక్కెళ్ళి పడుకోబెట్టింది.

సాయంత్రం అక్బోతా మొహం కడుక్కుని వచ్చి నాకు టీ ఇచ్చింది. ఒక్క గుక్కకి మించి లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అక్బోతా, నా పట్టీ మాటిమాటికీ మోగేది అలిసిపోయి కాదు..."

"తెలుసు. నీ కళ్ళు ఎటు పోతున్నాయో కెమెరాలో కనబడుతుందిగా."

"మరి తెలిసీ లేపేదానివా?"

"లేపితేనేగా నాతో మాట్లాడతావు!"

గుటుక్కున తాగేసి, ఖాళీ గిన్నె మళ్ళీ చాపాను.