తెల్లబట్టల కొలతలు

"ధ్యానంలో గురక రాదండీ."

పక్క చాప మీది అమ్మాయి చెవి దగ్గర ఆ మాట అనకపోతే అఖిల్ భోజనాల వేళ దాకా లేచేవాడు కాదు. కళ్ళు తెరిచి చూశాడు. ఎదురుగా బుద్ధుడు నవ్వుతున్నాడు. పక్కన ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది.

"గురక కాదండీ, శ్వాస మీద ధ్యాస. కాస్త డీప్‌గా వెళ్ళిపోయాను."

"అంత డీప్‌కి పోయినోళ్ళు మళ్ళా వాపస్ రారట. మీరు మస్తు లక్కీ."

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఒక మామూలు ఇంటిని విహారంగా మార్చుకున్న శ్రీలంక వాళ్ళ దగ్గరికి అఖిల్ ప్రతి ఆదివారం వచ్చేది నిర్వాణం కోసం కాదు, అన్నం కోసం. ఎమ్మెస్ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, రూమ్మేట్ పవన్ వండే పప్పు తినీ తినీ నాలుక చచ్చిపోయింది. విహారంలో గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలు, భిక్షువులకు వడ్డించాక అందరికీ కొబ్బరిపాల కూరలతో కడుపు నిండా పెడతారు. ఊరికే వస్తే నాకొకటి, మా అన్నకొకటి అన్నట్టు, పవన్‌కి కూడా డబ్బాలో సర్దుకెళ్ళేవాడు.

ఆ అమ్మాయి పేరు భవిత. ఆ ఊళ్ళోనే లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. భోజనాల దగ్గర తనే పలకరించింది.

"మాది నేలకొండపల్లి, ఖమ్మం పక్కన. మా ఊర్ల పెద్ద స్తూపం ఉంటది. చిన్నప్పుడు దాని చుట్టూ ఉరుకుతుంటిమి గానీ అదేందో తెల్వదు. ఇప్పుడు తెల్సుకుందామని శ్రీలంక పోతున్న. క్యాండీ అవతల కొండ మీద ఒక ఆరామం ఉంది. ఆర్నెల్లు పాళీ, ధ్యానం, మౌనం."

"వీసా వచ్చిందా?"

తెలుగువాళ్ళు ఎవరు ఎక్కడికి వెళ్తున్నా ముందడిగే ప్రశ్న అదే కదా.

"అదే కష్టం. ఆరామం వాళ్ళు పిలిస్తెనే వీసా. ఇక్కడి పెద్ద భిక్షువు, మన భంతే, పేరు పంపిస్తెనే వాళ్ళు పిలుస్తరు. ఏడాదికి ఒక్కరినే పంపుతరట. మీదే ఊరు?"

"అనకాపల్లి. బౌద్ధ గుహలున్న బొజ్జన్నకొండ నీడలో పెరిగానండి. చిన్నప్పట్నుంచీ అక్కడే ధ్యానం."

నిజానికి అది అతను ట్యూషన్ ఎగ్గొట్టి పేకాడిన కొండ. కానీ ఆ మాట వినగానే భవిత కళ్ళు పెద్దవయ్యాయి. అంత పెద్ద కళ్ళు తనవైపు అంత గౌరవంగా చూడటం అఖిల్ జీవితంలో అదే మొదలు. ఆ ఊపులో ఇంకో మాట కూడా వచ్చేసింది.

"నేనూ అప్లై చేస్తున్నానండి."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని వాళ్ళ నాయనమ్మ లక్షసార్లు చెప్పింది. ఆమె చెప్పినప్పుడు కూడా మనవాడు కునుకు తీస్తూనే ఉండి ఉంటాడు.

ఆ తర్వాతి ఆదివారాలు చాలా బాగా గడిచాయి. భవిత గిన్నెలు కడిగితే అఖిల్ తుడిచేవాడు. కిటికీ అవతల టెక్సాస్ వాన దంచి కొట్టేది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. అతనికి కారు లేదని తెలిశాక తనే అపార్ట్‌మెంట్ దాకా దింపేది. అప్లికేషన్ ఎంతవరకు వచ్చిందని దారిలో అడిగితే, అతను కిటికీలోంచి బయటికి చూసేవాడు.

"ఎందుకెళ్తున్నావో చెప్పే ఎస్‌ఓపీ రాయడానికి అంత ఆలోచనేంట్రా?" అన్నాడు పవన్. "మన బ్యాచంతా ఒకే ఎస్‌ఓపీ మీద అమెరికా వచ్చాం. డేటా ఉన్నచోటల్లా ధర్మం అని పెట్టు, అయిపోద్ది."

అలాగే పెట్టాడు. ఇన్ని కంపెనీలు వద్దన్నవాణ్ణి బుద్ధుడు మాత్రం ఎందుకు రమ్మంటాడులే అని అతని ధీమా. తనకు రాదు, ఆమెకు వస్తుంది, ఆమె చేత అయ్యో అని రెండు మాటలు చెప్పించుకోవచ్చు. లెక్క అదీ.

వైశాఖ పౌర్ణమి ముందు ఆదివారం, భోజనాలయ్యాక భంతే అందరినీ కూర్చోబెట్టాడు.

"ఈ ఏడాది మన దగ్గర్నుంచి వెళ్ళేది అఖిల్," అన్నాడు ఇంగ్లిష్‌లో. "ఆ ఉత్సాహం, ఆ సేవ చూశాక నాకు వేరే ఆలోచన రాలేదు."

గది గదంతా చేతులెత్తి సాధు, సాధు, సాధు అంది. భవిత గొంతు ఒక్క క్షణం ఆలస్యంగా కలిసింది, అయినా కలిసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆరామానికి వెళ్ళేవాళ్ళకు తెల్లబట్టలు కుట్టి పంపడం విహారంలో వంట చూసే కుసుమా ఆంటీ ఆనవాయితీ. ఆమె అప్పుడే అతన్ని వంటింటి పక్క గదిలో నిలబెట్టి, టేపు ఒక కొస భవిత చేతికిచ్చింది.

"భుజం దగ్గర పట్టుకో," అంది ఇంగ్లిష్‌లో.

భవిత పట్టుకుంది. ఆమె వేళ్ళు అతని భుజానికి తగిలాయి. ఇన్ని వారాలుగా అతను కోరుకున్నది ఆ కాస్త దగ్గరే. అది ఇలా దొరుకుతుందని మాత్రం అనుకోలేదు.

"కంగ్రాట్స్. మంచిగ చదువుకో."

"నువ్వు వచ్చే ఏడాది వెళ్ళొచ్చు కదా?"

"ఎక్కడిది? మా మేనేజర్ లీవ్ ఇచ్చింది ఈ ఒక్కసారికే. వచ్చే ఏడు గ్రీన్ కార్డ్ పని మొదలైతది, ఇగ ఎటూ కదలనియ్యరు. ఇంట్ల పెండ్లి సంబంధాలు ఎట్లాగూ ఉన్నయి. పోనీలే, నాకు లేదనుకుంట. నువ్వన్న పోతున్నవ్. భుజాలు దించకు, కొలత తప్పుతది."

అతను భుజాలెత్తాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు. ఇంత సిగ్గు మనిషికి ఒంట్లో ఎక్కడ పడుతుందో అతనికి తెలియలేదు. చెవులు కాలిపోతున్నాయి. ఆంటీ ఛాతీ కొలుస్తూ, నీ గుండె ఎందుకంత గట్టిగా కొట్టుకుంటోంది బాబూ అని అడిగింది.

దింపడానికి బయల్దేరిన కారు రెండు సిగ్నళ్ళు దాటేలోగా అతను మొత్తం చెప్పేశాడు. కొండ, పేకాట, అన్నం, డబ్బా, ఎస్‌ఓపీ, అన్నీ. భవిత ఇండియన్ గ్రాసరీ ముందు పార్కింగ్‌లోకి కారు తిప్పి ఆపింది. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"ఎందుకు చేసినవ్?"

అతను సీటు బెల్టు సర్దుకున్నాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ ఇదంతా? నాకు చెప్తే నీకు తేలికైతది, అంతేనా? నీకు సాధు అన్నది నేనొక్కదాన్నేనా? వాళ్ళకు పోయి చెప్పు."

జవాబు కోసం ఆగకుండా కారు వెనక్కి తిప్పింది.

విహారంలో ఇంకా ఎవరూ కదల్లేదు. కుసుమా ఆంటీ తెల్లగుడ్డ పరిచి కత్తెర తీసింది. గుమ్మంలో నిలబడి అఖిల్ మళ్ళీ అంతా చెప్పాడు, ఈసారి ఇంగ్లిష్‌లో. ఇంగ్లిష్‌లో అది ఇంకా చౌకబారుగా వినిపించింది. ఇందాక చేతులెత్తినవాళ్ళంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు.

భంతే కోప్పడలేదు. అదే అతనికి ఇంకా కష్టంగా ఉంది.

"మరి ప్రతి ఆదివారం ఎందుకు వచ్చావు?"

"మొదట్లో అన్నం కోసం."

"తర్వాత?"

అఖిల్ నేల చూపులు చూశాడు. "ఈ అమ్మాయి కోసం."

"గిన్నెలు?"

"తను కడుగుతోందని."

ఎవరో దగ్గు నెపంతో నవ్వు మింగారు. భవిత గోడవైపు తిరిగింది. ఆమె మెడ ఎర్రబడింది. కోపమో మరోటో వెనకనుంచి తెలియలేదు.

"వీసా కాగితాలు ఇంకా కదల్లేదు. భవిత పేరు పంపుతాను," అన్నాడు భంతే. "ఇతన్ని చూసి నేనూ మోసపోయాను. ఆ తప్పు నాదే, క్షమించు భవితా."

ఆ మాట అఖిల్‌ని చెంపదెబ్బ కన్నా గట్టిగా తాకింది. తన అబద్ధానికి ఒక ముసలి సన్యాసి క్షమాపణ చెబుతున్నాడు.

కుసుమా ఆంటీ కత్తెర పక్కన పెట్టింది. భవితను పిలిచి నిలబెట్టింది. టేపు ఒక కొస అఖిల్ ముందు చాపింది.

"పట్టుకో."

పట్టుకున్నాడు. భవిత అతనివైపు చూడలేదు.

ఆ తర్వాత వారాల తరబడి ఆమె మాట్లాడలేదు. అఖిల్ మాత్రం ఆదివారాలు మానలేదు. మానేద్దామనే ఉండేది. మానేస్తే ఇంతకాలం వచ్చింది తిండికేనని వాళ్ళు ఖాయం చేసుకుంటారు. వెళ్ళి, కూర్చుని, గిన్నెలు కడిగి, తినకుండా వచ్చేసేవాడు. పవన్ మళ్ళీ పప్పు వండటం మొదలుపెట్టాడు.

వీసా వచ్చిన సంగతి అతనికి ఆంటీ చెప్పింది. భవిత నుంచి మెసేజ్ మాత్రం ప్రయాణం ముందురోజు వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌కి డ్రాప్ చేసి, కారు తెచ్చి మా అపార్ట్‌మెంట్‌లో పెడతావా అని.

దారంతా ఇద్దరూ జీపీఎస్ మాటలే విన్నారు. టెర్మినల్ ముందు అతను పెట్టె దించాడు. మబ్బు పట్టింది గానీ వాన ఇంకా రాలేదు.

"ఆ రోజు నా కోసం వచ్చిన అని అందరి ముంగట చెప్పినవ్," అంది భవిత. "నాకు ఫస్ట్ చెప్పాలని తోచలేదా?"

"తోచింది. కారులో నువ్వడిగినప్పుడే. నీ సీటు కొట్టేసి, పైగా నువ్వంటే ఇష్టమని చెప్పడానికి సిగ్గేసింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ సిగ్గే. అది పోలేదు. పోకపోయినా పర్లేదు. నువ్వెళ్ళి ప్రశాంతంగా చదువుకో, నా గోల నీకెందుకు."

భవిత పెట్టె పిడి లాగి, మళ్ళీ లోపలికి నెట్టింది.

"నాకు కోపం పోలేదు. అది వేరే. కానీ ఒక మాట కడుపుల పెట్టుకుని పోతే, అక్కడ కండ్లు మూసుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తది. నాకు ధ్యానం కుదరదు. అందుకే చెప్పి పోతున్న. నాక్కూడ నువ్వంటే ఇష్టమే."

అఖిల్ నోరు తెరిచాడు.

"వద్దు," అంది. "నువ్వు నోరు తెరిస్తే మళ్ళా ఏదో ఒకటి కలుపుతవ్. ఆర్నెల్లు నాకు అక్కడ మౌనం, నీకు ఇక్కడ. నేనొచ్చినంక, ఏం కలపకుండ ఉన్నది ఉన్నట్టు చెప్పు. సరేనా?"

అఖిల్ సరేనని కూడా అనలేదు, తల ఊపాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయేదాకా, పోలీసాయన వచ్చి కారు తియ్యమనేదాకా, ఊపుతూనే ఉన్నాడు.