ముఖం చెప్పని నవ్వు

ఆదివారం పొద్దున్నే కృప తండ్రికి గడ్డం గీస్తూ మరోసారి బతిమాలింది.

“నాయినా, దయాకర్ వాళ్ల అమ్మానాన్న పెండ్లి మాటలకు బోడుప్పల్ నుంచి వస్తున్రు. జర ఒక్కసారన్న నవ్వు.”

ఆశీర్వాదం ముఖంలో చలనం లేదు. పార్కిన్సన్స్ జబ్బు పట్టుకున్నప్పటి నుంచి అంతే. నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టు షిఫ్టంతా నవ్వించిన మనిషి ఇప్పుడు బండరాయిలా కూర్చుంటాడు. పాత నాయినను జబ్బు ఎత్తుకుపోయిందని కృప ఎప్పుడో తేల్చేసుకుంది.

“ఆ చెయ్యి తొడ కింద పెట్టుకో,” వంటగదిలోంచి తల్లి సువార్తమ్మ కేకేసింది. “వణుకుడు సూసిన్రంటే, పిల్లకు గూడ వస్తదేమో అంటరు. మాట ఖాయమయ్యేదాకా ఎవ్వరూ నోరు తెరవొద్దు!”

దయాకర్‌కు అన్నీ తెలుసు. వాళ్లింట్లో చెప్పవద్దని కృపే అతని దగ్గర మాట తీసుకుంది.

దయాకర్ తండ్రి బెంజమిన్ వస్తూనే అందుకున్నాడు. “వందనాలు వదినె! ఉప్పల్ చౌరస్తాల ఆగినం. సిగ్నల్ పడేసరికి మా పిలగానికి పెండ్లీడు దాటిపోతదనుకున్న!”

అందరూ పగలబడి నవ్వారు. ఆశీర్వాదం తప్ప.

టీలయ్యాక బెంజమిన్ చేయి చాపాడు. “పిల్లలు ఇష్టపడ్డరు. మీరు చెయ్యి కలిపితే ప్రార్థన జేసుకుందం బావా.”

తొడ కింది చేయి బయటికి రాలేదు. చాపిన చేయి గాల్లోనే ఉండిపోయింది. బెంజమిన్ ముఖం కందిపోయింది.

“అర్థమైంది. పిల్ల తండ్రికే ఇష్టం లేదు. లే దయా, పోదాం.”

“నాన్నా, అది...” అంటూ దయాకర్ కృప వైపు చూసి ఆగిపోయాడు.

కృపకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. “నాయినా! ఒక్క నవ్వు నవ్వితే నీ సొమ్మేం పోతది?”

ఆశీర్వాదం మెల్లగా చేయి బయటికి తీశాడు. అది వణుకుతూనే వెళ్లి బెంజమిన్ చేతిని పట్టుకుంది. ఆశీర్వాదం గొంతు ఎంత సన్నగా ఉందంటే, అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది.

“ఇందాకటి సంది నవ్వుతనే ఉన్న బిడ్డా. ముఖానికే ఇంక ఖబర్ అందలే.”

కృపకు టీవీ చప్పుడులో తండ్రి ఏదో గొణిగితే, ఆగి వినకుండా లేచిపోయిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. నాయిన ఎక్కడికీ పోలేదు. ఆ రాతిముఖం వెనకే కూర్చుని, ఎవరూ వినకపోయినా జోకులేస్తూనే ఉన్నాడు.

“దాచింది మేమే మామా,” కళ్లు తుడుచుకుంటూ జబ్బు సంగతంతా చెప్పేసింది.

“గింతదానికి నన్ను పరాయోన్ని జేసిన్రా?” బెంజమిన్ ఆ చేయి వదలకుండానే మళ్లీ కూర్చున్నాడు. మనసులు తేలికపడాలని తన పెళ్లినాటి జోకొకటి విసిరి, ఆశీర్వాదం ముఖంలోకి వంగి చూశాడు.

“ఇప్పుడు నవ్వుతున్నవా బావా?”

“లేదు,” అన్నాడు ఆశీర్వాదం. “ఇది బాగలేదు.”

అందరికంటే ముందు నవ్వింది కృపే. ఏడుస్తూనే నవ్వింది. అందరూ నవ్వు ఆపుకుని ప్రార్థనకు తలలు వంచడానికి చాలాసేపు పట్టింది.