దొర్లుదుంగ మీద రాజకుమారి

బిరుదు కోసం వచ్చి బురదతో వెళ్లడం! ‘దాటితే దొర’ అనే టీవీ పోటీలో దొర్లుదుంగ దగ్గర అందరికీ దక్కుతున్న సత్కారం అదే.

విజయనగరం పొలిమేరలో ఓ మైదానం అద్దెకు తీసుకుని తాళ్లూ, గోడలూ, వలలూ కట్టారు. ఆఖర్న బురదనీళ్ల మడుగు మీద ఓ పొడుగాటి గుండ్రటి దుంగ. రెండు కొసల్లోనూ బేరింగులు. కాలు పెడితే చాలు, గిర్రుమంటుంది. దానికి చెయ్యి ఆనించకుండా నడిచి, అవతల గంట కొట్టాలి. సెల్లులో బ్యాలెన్స్ ఉన్నవాళ్లు బోలెడుమంది వచ్చారు గానీ, ఒంట్లో బ్యాలెన్స్ ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు.

ఆ దుంగను తయారు చేసి, దాని బాగోగులు చూస్తున్నవాడు త్రినాథ్. ఊరు పొందూరు, చదువు మెకానికల్ డిప్లొమా, గర్వం మాత్రం పీహెచ్‌డీ.

ఆ రోజు దుంగ మీంచి దబ్బున పడిన అమ్మాయి మడుగులోంచి లేస్తూనే అతని మీద పడింది. మాటలతో లెండి!

“ఏటయ్యా, దుంగకి నూనె రాసినావేటి?”

“నూనె కాదండి, బేరింగ్. నా దుంగని దాటినోడు ఇంకా పుట్టనేదు.”

“దాటినోడు పుట్టకపోతే మానె. దాటేది పుట్టీసింది!”

“పుట్టిందండి. ఇప్పుడే పడింది కూడా.”

నెత్తి నుంచి కాళ్ల దాకా బురద. కనిపిస్తున్నవల్లా రెండు కళ్లు. ఆమె నీళ్లలో పడితే, అతను ఆ కళ్లలో పడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి చాపాడు.

“మాయమ్మ వడికిన నూలండి. తుడుసుకోండి.”

“ఇంత తెల్లటి తువ్వాలు బురద సేసీస్తే మీయమ్మ ఊరుకుంతాదా?”

“మీకిచ్చేనంటే ఊరుకుంతాది.”

“ఏఁ?”

“...ఉతుకుతాదండి.”

ఆమె పేరు రాజకుమారి. కోటబొమ్మాళి పక్కన ఓ పల్లె. ఏటా నాట్ల రోజుల్లో వరినారు కట్టలు నెత్తిన పెట్టుకుని గట్ల మీద పరిగెత్తే పిల్ల. గట్టు మీద పెరిగిన గట్టి పిల్ల అన్నమాట! మరి ఎందుకు పడింది? తండ్రి అప్పలస్వామి నరసన్నపేటలో ముచ్చటపడి కొన్న ఎర్రబూట్ల వల్ల. “మా గుంట టీవీలో ఉత్తికాళ్లతో కనపడితే ఊర్లో నా మొకం ఏటైపోద్ది?” అన్నాడాయన. ముఖం కాపాడబోయి కాళ్లు కట్టేశాడు పాపం.

పడినవాళ్లకు మర్నాడు వైల్డ్‌కార్డ్ ఉంది. ఒక్కటే ఛాన్సు. దాటితే ఫైనల్, పడితే ఇంటికి. అదీ నాన్న వ్యాన్లో తోలుకొచ్చిన సగం ఊరి ముందు!

సాయంత్రం ఆమె టీ తాగుతూ దుంగ వైపే చూస్తోంది. త్రినాథ్ ప్రాణం విలవిల్లాడింది. తాను రోజూ ఉత్తికాళ్లతోనే దుంగను పరీక్షిస్తాడు. ఆ కిటుకు చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే గుండె ఊడేలా ఉంది.

“రాజకుమారిగారూ, మరండీ... ఆ బూ...”

“సెప్పకు!” అంది ఆమె. “నువ్వు సెప్తే దాటింది నాను కాదు, నువ్వు. రేపు తువ్వాలు ఉతికి తెస్తాను. నాను దాటినాక అప్పుడు సెప్పు, ఏటి సెప్తావో.”

ఉద్యోగం దక్కింది. మనసే మిగల్లేదు.

మర్నాడు వాన. చినుకులు దుంగ మీద పడి, అవి కూడా నిలబడలేక జారిపోతున్నాయి. డైరెక్టరు గొడుగు కింద గొణిగాడు: “తడిసిపోయింది. ఈ పూటకి ఆపేద్దామా?”

రాజకుమారి నవ్వింది. “వానొచ్చిందని మేం ఆపీస్తే మీకు అన్నం ఎక్కడ్నుంచి వస్తాదండి?”

డైరెక్టరు గొడుగు ముడిచేశాడు.

ఆమె కూర్చుని బూట్లు విప్పడం మొదలుపెట్టింది. వ్యాన్ దగ్గర్నుంచి అప్పలస్వామి కేక: “ఒసే కుమారీ! ఇప్పీస్తన్నావేటే! అందరూ సూస్తన్నారు!”

ఆమె తండ్రిని చూసింది, బూట్లను చూసింది. వాటిని తొడుక్కోలేదు, నాన్న ముచ్చటను బురదలో వదిలెయ్యనూ లేదు. ఉతికి తెచ్చిన తువ్వాలును మెలిపెట్టి చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుంది. లేసులు ముడేసి బూట్ల జత దాని మీద ఎక్కించింది.

“నువ్వు కొన్నయి కిందెందుకెడతాను నాన్నా? నెత్తినెట్టుకుంతాను!”

జనం గొల్లున నవ్వారు. దుంగ మీద ఆమె అడుగు పడగానే నవ్వు ఆగింది.

అవతలి ఒడ్డున త్రినాథ్‌కు అప్పుడు అర్థమైంది. నిన్న ఆమె కిందికి చూసుకుంటూ నడిచింది. ఇవాళ నెత్తిన బరువుంది, మెడ వంచలేదు. చూపు తిన్నగా గంట మీదే. బొటనవేళ్లు దుంగను కరిచి పట్టుకున్నాయి. నడుము ఊగుతోంది, బూట్లు కదలడం లేదు.

సగం దాటాక దుంగ ఎదురు తిరిగింది. త్రినాథ్ మొదటిసారి తన బేరింగ్‌ను తనే తిట్టుకున్నాడు. ఆమె చెయ్యి అలవాటుగా లేచి నెత్తిన బరువుకు ఆనింది. ఒళ్లు దానంతటదే కుదురుకుంది.

ఠంగ్! గంట మోగింది.

“మా గుంటండీ!” అప్పలస్వామి వానలో గంతులేస్తున్నాడు. “ఉత్తికాళ్లతో దాటీసిందండీ!”

త్రినాథ్ దగ్గరికొచ్చాడు. “నా దుంగ ఓడిపోనాది.”

“బాధగున్నాదా?”

“బాధేటి? దాన్ని దాటింది నువ్వని అందరికీ గొప్పగా సెప్పుకుంతాను. బతికినన్నాళ్లూ సెప్పుకునే ఛాన్సు ఇస్తావా?”

ఎన్ని కెమెరాలు చూస్తున్నా తొణకని పిల్ల, ఆ ఒక్క చూపుకు తల దించుకుంది. తువ్వాలుతో సహా బూట్లు జారాయి. గాల్లోనే పట్టుకున్నవాడు, వెనకే వచ్చిన అప్పలస్వామి.

“ఏ ఊరు బాబూ?”

“పొ...పొందూరండి.”

“తువ్వాలు నీదేనా?”

“నాదేనండి.”

అప్పలస్వామి దాన్ని మడిచి తన భుజాన వేసుకున్నాడు. “ఇది ఇక్కడివ్వను. మా ఇంటికొచ్చి పట్టుకెళ్లు. ఒక్కడివీ రాకు. మీయమ్మనీ నాన్ననీ తోలుకురా.”

త్రినాథ్‌కు కాళ్ల కింద నేల గిర్రున తిరిగింది, ఏ బేరింగూ లేకుండానే.

“మా ఇంటికి దారి గట్టు మీంచే,” అంది రాజకుమారి. “నాట్ల రోజులు. జారుద్ది.”

“బూట్లేసుకు రాన్లే.”

“సేతిలో పళ్లబుట్ట ఉంతాది కదా?”

“ఉంతే?”

“నెత్తినెట్టుకో!”