గౌరమ్మలో పల్లేరు

శాస్త్రవేత్త భానుమూర్తిని పొద్దున్నే కాఫీ తాగుతుండగా కాల్చి చంపారు. కర్మన్‌ఘాట్‌లోని ఆయన ఇంటి తలుపు ఎవరూ పగలగొట్టలేదు. టేబుల్ మీద రెండో కప్పు ఉంది.

"తెలిసిన మనిషికే తలుపు తీశాడు," అంది గూఢచారి విభాగం చీఫ్ శేషారత్నం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఆఫీసు బయట 'బ్యాంక్ ఎగ్జామ్స్ కోచింగ్' అని బోర్డు ఉంటుంది. సకల జనుల సమ్మెలో అసలు కోచింగ్ సెంటర్లే ఖాళీగా ఉన్నాయి కాబట్టి, ఈ దొంగ సెంటర్‌ను అనుమానించే నాథుడు లేడు.

"పోయిందేంది మేడం?" అడిగాడు ఏజెంట్ హరిప్రసాద్. పోచంపల్లి నేతవాళ్ల అబ్బాయి. పైకి చీరల వ్యాపారి.

"పల్లేరు చిప్. గ్రహశకలాల్లో ప్లాటినం ఉందంటున్నారు, నీళ్లున్నాయంటున్నారు. ఆ నీళ్లతోనే రాకెట్ ఇంధనం చేసుకోవచ్చట. ఆశ బానే ఉంది. కానీ అక్కడ బరువుండదయ్యా! డ్రిల్ పెట్టి నొక్కితే రాయి తెగదు, మన మిషనే ఎగిరిపోతుంది. భానుమూర్తి జీవితమంతా కూర్చుని, పల్లేరుకాయలా రాయిని పట్టుకుని వదలని కొక్కెం తయారుచేశాడు. దాని మెదడు ఆ చిప్. శనగగింజంత ఉంటుంది. రెండోది లేదు. అది దేశం దాటితే ఆయన బతుకంతా వృథా."

"యాడ చేతులు మారుతది?"

"రేపు సద్దుల బతుకమ్మ, సరూర్‌నగర్ చెరువు గట్టు మీద. చౌరస్తాల్లో పోలీసులు అందర్నీ ఆపుతున్నారు గానీ పూలు పట్టుకున్న ఆడవాళ్లని ఆపరు కదా. కొనేవాడు 'ప్రసాదం మిగిలిందా?' అంటాడు. అమ్మేవాళ్లు 'ఒక్కరికే మిగిలింది' అంటారు. ఫోన్ ట్యాపింగ్‌లో దొరికిన మాటలివి, ఇంకెవరికీ చెప్పకు. నీకు తోడు బిందుమాధవి వస్తుంది."

ఆ పేరు వినగానే హరిప్రసాద్ ముఖం వెలిగింది. బిందుమాధవి కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో ఉంటున్న పిల్ల. విదేశీ ముఠాలో చేరి అక్కడి కబుర్లు ఇక్కడికి చేరవేసే డబుల్ ఏజెంట్. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నడిచొస్తే ట్రాఫిక్ పోలీసు విజిల్ ఊదడం మరిచిపోతాడు. దసరా వెళ్లగానే వాళ్లిద్దరి పెళ్లి. వారం నుంచి ఆమె ఎల్బీనగర్‌లో హరిప్రసాద్ తల్లి రాధమ్మ పక్కనే కూర్చుని తంగేడు పూలు పేర్చడం నేర్చుకుంటోంది. "మావైపు ఈ పండగ లేదత్తయ్యా, అన్నీ నేర్పండి," అంది. ఆ ఒక్క మాటకి తల్లీకొడుకులిద్దరూ కరిగిపోయారు.

మర్నాడు సాయంత్రం హరిప్రసాద్ లుంగీ కట్టి, గట్టు మీద మక్క కంకులు కాలుస్తూ కూర్చున్నాడు. స్నేహితుడి బేరం చూసుకుంటున్నానని తల్లికి చెప్పాడు. చేతిలోని విసనకర్రలో స్కానర్ ఉంది. చిప్ దగ్గరికొస్తే పిడి వణుకుతుంది. వచ్చిన ప్రతి మనిషి వైపూ విసిరాడు. బిందుమాధవి పట్టుచీరలో, బతుకమ్మ నెత్తిన పెట్టుకుని వచ్చింది. పూల మీద పసుపు ముద్ద గౌరమ్మ. అతని చెయ్యి ఆగిపోయింది. కట్టుకోబోయే పిల్లనా సోదా చేసేది? విసనకర్ర పక్కకి తిప్పేశాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

పాటలు, జై తెలంగాణ నినాదాలు ముగిశాయి. బతుకమ్మలు నీళ్లలోకి సాగాయి. బిందుమాధవి ముందే తీసుకున్న గౌరమ్మను పిడికిట్లో దాచుకుంది. మధ్యాహ్నం నుంచీ ఫొటోలు తీస్తున్న తెల్లతను ఆమె దగ్గరికి వచ్చాడు.

"ప్రసాదం మిగిలిందా?"

కంకుల బుట్ట వెనక హరిప్రసాద్ రాయిలా అయిపోయాడు.

"ఒక్కరికే..."

"ఆగు బిడ్డా!" రాధమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "గౌరమ్మను దాసుకుంటరా ఎవలన్న? బతుకమ్మను సాగదోలినంక గౌరమ్మను అందరం పంచుకుంటం. పుస్తెలకు పెట్టుకుంటం. గిదొక్కటి చెప్పుడు మర్సిన."

పూలు పేర్చడమంతా ఇంట్లో నేర్పింది గానీ, ఇది గట్టు మీద చేసే పని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేస్తున్నదాన్ని విడిగా నేర్పాలని ఆమెకు తోచలేదు. బిందుమాధవి పిడికిలి విప్పించి ముద్దను రెండుగా విరిచింది.

"ఇదేంది? లోపట రాయున్నది!"

"ఇటియ్యే అమ్మా," అన్నాడు హరిప్రసాద్. ఆ రాయిని తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఫొటోగ్రాఫర్ పరుగెత్తాడు. కంకులు తింటున్న ఇద్దరు శేషారత్నం మనుషులు అతణ్ణి నాలుగడుగుల్లో పడగొట్టారు. ఎవడో జేబుదొంగ అనుకుంది రాధమ్మ. ఆ పసుపు బిందుమాధవి రెండు చెంపలకూ రాసింది.

"వచ్చే ఏడు నీ పుస్తెలకు పెడ్త. చీకటి పడకముందే పిల్లను ఇంటికాడ దించు బిడ్డా."

బిందుమాధవి పారిపోలేదు. తలవంచి పసుపు రాయించుకుంది. కళ్లలోంచి నీళ్లు కారి పసుపులో కలిశాయి.

ఆఫీసు జీపు దాకా ఇద్దరూ నడిచారు.

"భానుమూర్తి గారి తలుపు కొట్టింది నేనే. చంపుతారని తెలీదు, హరీ."

"పువ్వులు పేర్చుడు నేర్సుకున్నది గూడ డ్యూటీయేనా?"

"మొదటి రోజు," అంది. "తర్వాత కాదు."

అన్ని రోజులూ డ్యూటీయే అని ఉంటే హరిప్రసాద్ ఆమెను తిట్టుకుని బతికేవాడు. ఇప్పుడు ఆ దారి కూడా లేదు. జీపు తలుపు తనే వేశాడు. పసుపు చెంపల పిల్ల అద్దంలోంచి చూస్తుంటే, లుంగీతో ముఖం కప్పుకుని రోడ్డు మీదే ఏడ్చాడు.

మర్నాడు శేషారత్నం చిప్‌ను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"స్కానర్ రికార్డు చూశాను. గట్టు మీద అందర్నీ చూశావు, ఒక్కరిని తప్ప."

"అవును మేడం."

"మరి కేసు ఎవరు పట్టారని రాయమంటావ్?"

"మా అమ్మ పట్టిందని రాయున్రి. మెడల్ గూడ ఆమెకే పంపున్రి. ఎందుకిచ్చిన్రో మాత్రం చెప్పకున్రి మేడం. కోడలొస్తదని ఇంకా పండుగ ప్రసాదం, మలీద ముద్దలు ఎత్తిపెట్టుకొని కూసున్నది."